మూడు జానల కింద

అక్టోబరు. బంగాళాదుంపలు తవ్వేశారు.
మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన,
పొలానికీ అడవికీ నడుమ హద్దు మీద
గొయ్యి తీస్తున్నాను, సగం దున్నిన నేలలో,
సగం నాగలి ముట్టని నేలలో.

బోర్లించిన పీపా మీద కూర్చుని చూస్తోంది
లియోనీడ్ సీర్. ఎనభై ఒక్కేళ్ళు.
మాట ఫ్రెంచిలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తుంది.
"పలుగు ఖంగుమంటే ఆగు.
అది మా నాన్న వదిలేసిన రాయి."

ఖంగుమంది.
ఇక్కడ రాళ్ళు విత్తకుండానే మొలుస్తాయి.
చలికాలం గడ్డకట్టిన నేల వాటిని గోరంత పైకి తోస్తుంది,
వసంతంలో పిల్లలు ఏరి గట్టున పడేస్తారు.
గట్టు ఇప్పుడు నడుమెత్తు గోడ.
ఈమె ఏరినవి ఎక్కడో అడుగు వరసల్లో,
తమ్ముడు ఒనెజీమ్ ఏరినవి వాటి మీద.

అడవి వైపు కత్తితో గీకి శుభ్రం చేశాను.
పైన స్ప్రూస్ సూదుల మెత్త, బెత్తెడు,
నల్లగా, పుట్టగొడుగుల వాసన.
దాని కింద బూడిద. బూడిద అంటాం గానీ,
వాన పులిసి దిగుతూ దిగుతూ
ఇనుమంతా కడిగి పట్టుకుపోతే
మిగిలిన పాలిపోయిన ఇసుక.
ఎంతో దూరం పట్టుకుపోలేదు.
జానెడు కింద దించేసింది:
తుప్పు, పసుపుకొమ్ము, ముదురుపాకం,
రంగుల పుస్తకం తెరిచి పక్కన పెడితే
ఏ గడిలోనూ ఒదగని ఎరుపు.

పొలం వైపు ఇవేవీ లేవు.
బూడిదనూ తుప్పునూ కలిపి
నాగలి ఒకే గోధుమరంగు చేసింది.
దాని కింది గీత మాత్రం తిన్నగా,
కత్తిపీట మీద కోసినట్టు.

పిడికెడు తడిపి వేళ్ళ మధ్య సాగదీశాను.
అంగుళం సాగి తెగింది.
మెత్తని మన్ను, మధ్య మధ్య పలకరాతి పెళుసు.
తాగినంత తాగి, మిగిలినదానికి దారిచ్చే నేల.

మూడు జానల కింద పార దిగలేదు.
అక్కడ మొదలు, హిమం చేసిన నేల.
మైలు మందం మంచు కొండల్ని ఈడ్చి, రుబ్బి, అదిమి,
రుబ్బురోలు ఎత్తుకెళ్ళిపోయింది,
పిండి ఇక్కడే వదిలేసి.
పిండిలో గులకలు, గుండ్లు, గుమ్మడికాయంత బండలు.
జల్లెడ పట్టినవాళ్ళు లేరు.
ఒక రాతిముక్క మీద ఆమ్లం చుక్క వేస్తే చుర్రుమంది.
లియోనీడ్ వంగి చెవి పెట్టింది.
"మాట్లాడుతోంది" అంది, నవ్వకుండా.

మేనకోడలు రోజ్మాండ్‌కి ఇక్కడ ఇల్లు కావాలి.
వాడిన నీళ్ళు ఇంకాలి. ఎంత లోతు దాకా ఇంకుతాయో
కాగితం మీద నేను రాయాలి.
కలం మూత తీశాను, "బాగా ఇంకే నేల" అని రాయడానికి.

"ఏప్రిల్లో బబెట్ ఈ మూల దాకా వచ్చి ఆగేది.
మా గుర్రం. కళ్ళెం లాగినా కదిలేది కాదు."

టార్చి పెట్టి మళ్ళీ చూశాను.
ఆ గట్టిపొరకి సరిగ్గా పైన, బెత్తెడు మేర,
బూడిదరంగు మచ్చలు, చుట్టూ నారింజ అంచులు.
మంచు కరిగిన నీరు కొన్ని వారాలు
కాళ్ళు చాపుకు పడుకున్న గుర్తు.

బకెట్టు తెమ్మంది. పోశాను.
పై పొరల్లో ఎక్కడా ఆగలేదు.
అడుగున గట్టిపొర తగిలి, కాసేపు తచ్చాడి,
వాలు వైపు తిరిగింది, గోడ కిందికి.
నీరు పల్లమెరుగు అంటారు.
పల్లం దాకా దారి లేనప్పుడు
పక్కదారీ ఎరుగు.

"ఇల్లు ఇక్కడొద్దు" అంది లియోనీడ్.
"ఆ ఆపిల్ చెట్టుకి పైన. మంచు మొదట కరిగేది అక్కడే."

"ఒక మోస్తరుగా ఇంకును" అని రాశాను.
ఆధారం అనే గడిలో మచ్చల లోతు రాసి,
కొంచెం చోటుంటే, బబెట్ అని రాశాను.

గొయ్యి పూడ్చేటప్పుడు వరస తప్పనివ్వలేదామె.
అడుగుది అడుగున, తుప్పు, బూడిద,
చివర సూదుల మెత్త, దుప్పటి సర్దినట్టు.
ఎంత తొక్కినా కొంత మన్ను మిగిలిపోయింది,
రెండు రాళ్ళూ.

వాటిని గోడ మీద పెట్టాను,
అన్నింటికన్నా పై వరసలో.